విక్రాంత్ లేదు, దాని సీ హాక్ ఉంది

గోవా నుంచి వచ్చి మూడు వారాలైంది. ఫోన్లో ఫోటోలు తీసి చూస్తే బీచ్‌వి ఓ పది పన్నెండు ఉన్నాయి, మా పిల్లవి ఓ ముప్ఫై, మిగతావన్నీ ఒకే ఒక్క విమానం. ముందు నుంచి, పక్క నుంచి, తోక కింద నుంచి, చక్రం, చక్రం పక్కన బోల్టు, రెక్క మధ్యలో కీలు. మా ఆవిడ "ఒక్కదానికి ఇన్ని ఎందుకండీ" అంటే అప్పటికప్పుడు నోటితో చెప్పలేకపోయాను, అందుకే కూర్చుని రాస్తున్నాను. కొంచెం పెద్దదే అవుతుంది, తీరిగ్గా చదవండి.

ఆ విమానం పేరు సీ హాక్. హాకర్ అనే బ్రిటిష్ కంపెనీ డిజైన్. విమానాలు లేచి, దిగడానికి వీలున్న మన నేవీ పాత షిప్పు విక్రాంత్, దాని డెక్కు మీద, అంటే పైతలం మీద, దిగిన మొట్టమొదటి జెట్ ఫైటర్ ఇదే. గోవాలో దబోలిం ఎయిర్‌పోర్టు నుంచి బోగ్మాలో బీచ్‌కి పోయే రోడ్డులో నావల్ ఏవియేషన్ మ్యూజియం ఉంది, 1998లో తెరిచారు, ఎయిర్‌పోర్టుకి బాగా దగ్గర. లోపల బిల్డింగులో ఫోటోలు, ఇంజిన్లు, ఆయుధాలు, మోడళ్ళు ఉంటాయి, బయట చెట్ల మధ్య నిజం విమానాలు, హెలికాప్టర్లు ఉంటాయి. వచ్చినవాళ్ళంతా ముందు పరిగెత్తేది సూపర్ కాన్‌స్టలేషన్ దగ్గరికే, దాన్ని తప్పు పట్టడానికి లేదు, నాలుగు ప్రొపెల్లర్లు, మూడు తోకలు, చేపలా వంపు తిరిగిన ఒళ్ళు, ఒకప్పుడు ఎయిర్ ఇండియాలో పాసింజర్లని మోసింది, తర్వాత ఎయిర్‌ఫోర్స్‌కి, ఆఖరికి నేవీకి వచ్చింది. దాని ముందు నిలబడి ఫోటో దిగకుండా ఎవరూ కదలరు. సీ హాక్ దగ్గర మాత్రం మేం వెళ్ళేసరికి ఎవరూ లేరు. నాకది మంచిదే అయింది, గంటన్నర సేపు అడ్డు చెప్పేవాళ్ళు లేకుండా చుట్టూ తిరిగాను.

చూడగానే అనిపించేది ఏంటంటే ఇంత చిన్నదా అని. 12 మీటర్ల పొడవు, అంటే మన ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ బస్సంత. ఒక్కడే పైలట్, అదీ ముక్కు మీదే కూర్చున్నట్టు బాగా ముందుకి. డెక్కు మీద దిగేటప్పుడు కింద ఏముందో కనిపించాలి కదా, అందుకని. ముక్కు కింద నాలుగు 20 ఎం.ఎం. ఫిరంగుల రంధ్రాలు. ఒళ్ళు మధ్యలో కొంచెం లావు, రెక్కలు తిన్నగా ఇటూ అటూ చాపినట్టుంటాయి, ఇప్పటి ఫైటర్లలాగా వెనక్కి వాలి ఉండవు. నిజం చెప్పాలంటే నేను చూసిన జెట్లన్నిట్లో అందమైనది ఇదే. ఎక్కడా కోపంగా కనిపించదు.

నేను తోక వైపు వెళ్ళి చూస్తున్నాను, మా పిల్ల వెనకాలే వచ్చి "నాన్నా, దీనికి పొగ ఎక్కడ్నించి వస్తుంది" అంది. తొమ్మిదేళ్ళ పిల్ల, మంచి ప్రశ్న అడిగింది. జెట్ విమానం అంటే వెనక పెద్ద రంధ్రం ఉండాలి కదా, దీనికి తోక చివర ఏమీ లేదు, సన్నగా ముగిసిపోతుంది. అప్పుడు దాన్ని రెక్క మొదట్లోకి తీసుకొచ్చి చూపించాను. రెక్క ముందు అంచులో, ఒంటికి ఆనుకునే చోట, ఇటో చీలిక అటో చీలిక, గాలి లోపలికి వెళ్ళేది అక్కడ. అదే రెక్క వెనక అంచు దగ్గర ఇటో రంధ్రం అటో రంధ్రం, ఇంజిన్ వేడి గాలి బయటికొచ్చేది అక్కడ. అంటే ఇంజిన్ నడిమధ్యలో ఉంది, దాని వెనక పైపు ప్యాంటు కాళ్ళలా రెండుగా చీలి రెండు పక్కలకీ వచ్చేసింది.

నేను పదిహేనేళ్ళుగా ఫ్యాక్టరీల్లో వేడి గాలి పోయే గొట్టాలు, అంటే డక్టుల పని చేస్తున్నాను కాబట్టి నాకు ఇక్కడే కాళ్ళు ఆగిపోయాయి. రెండుగా చీలే డక్టు అంటే ఏంటో ఆ పని చేసినవాడికి తెలుస్తుంది. చీలే చోట ఆ కొన ఉంటుంది చూడండి, మొత్తం వేడీ, అదురూ అక్కడే పడుతుంది, ముందు వెల్డింగు పగిలేది అక్కడే, మేం ఎక్కడ పని చేసినా షట్‌డౌన్ రాగానే టార్చి పట్టుకుని మొదట చూసేది ఆ కొననే. అలాంటిది నేల మీద కదలకుండా ఉండే డక్టుకే ఇంత బాధ ఉంటే, షిప్పు మీద నుంచి విసిరేసి మళ్ళీ షిప్పు మీద కొట్టుకునేలా దింపే విమానంలో, 1940లలో, కాగితం మీద గీతలు గీసి, చేత్తో లెక్కలు కట్టి చేశారంటే చేతులెత్తి దణ్ణం పెట్టాలి. దాని వల్ల వాళ్ళకి దక్కింది కూడా చిన్నదేం కాదు. పొడవైన పైపు తోక దాకా పెట్టక్కర్లేదు, పైపు ఎంత పొట్టిగా ఉంటే ఇంజిన్ తోపుడు అంత తక్కువ వృథా, తోక వైపు ఖాళీ అంతా ఇంధనం ట్యాంకుకి మిగిలింది, ఒక ట్యాంకు ఇంజిన్‌కి ముందు, ఒకటి వెనక, దాంతో బరువు కూడా తూగింది. సముద్రం మీద ఎగిరేవాడికి ఇంకో పది నిమిషాల ఇంధనం అంటే ప్రాణం.

ఇంజిన్ రోల్స్ రాయిస్ నీన్. దీని గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఇదే నీన్ ఇంజిన్లని బ్రిటన్ వాళ్ళు రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక రష్యాకి కూడా అమ్మారు, రష్యా వాళ్ళు వాటిని విప్పి చూసి అలాంటివే తయారు చేసుకుని తమ మిగ్ 15 ఫైటర్లో పెట్టారు. ఆ పని మీద పడిన డిజైన్ సంస్థ క్లిమోవ్. ఇప్పుడు మన నేవీ నడిపే మిగ్ 29కె ఇంజిన్లు కూడా ఆ క్లిమోవ్ డిజైన్లే. 1960లో సీ హాక్‌తో మొదలైన మన నేవీ విమాన దళం, స్క్వాడ్రన్ నంబర్ 300, వైట్ టైగర్స్ అంటారు, ఇవాళ నడిపేది ఆ మిగ్ 29కెలనే. అంటే నీన్‌తో మొదలుపెట్టినవాళ్ళు అరవై ఏళ్ళు తిరిగేసరికి నీన్‌ని చూసి నేర్చుకున్నవాళ్ళ ఇంజిన్ దగ్గరికి చేరారు. మ్యూజియం పక్కనే ఐ.ఎన్.ఎస్. హంస, నేవీ ఎయిర్ స్టేషన్, ఆ మిగ్‌లు ఉండేది అక్కడే.

ఇంతలో మా అమ్మ వచ్చింది. ఎండగా ఉందని అప్పటిదాకా చెట్టు కింద కూర్చుంది, మేం ఎంతకీ కదలట్లేదని చూడ్డానికి వచ్చింది. వచ్చీరాగానే పిల్లని "గుంటా, దాని కింద దూరకు, నెత్తికి తగులుద్ది" అని బయటికి లాగి, రెక్క వైపు చూసి "ఒరేయ్, ఇదేట్రా, రెక్కకి మధ్యలో అతుకుంది, విరిగితే అతికించారా" అంది.

విరగలేదమ్మా, అది మడత పెట్టే చోటు. రెక్కలు చాపితే ఈ చివర నుంచి ఆ చివరకి దాదాపు 12 మీటర్లు, మడిచి పైకెత్తితే 4 మీటర్లే. షిప్పులో చోటుండదు కదా, డెక్కు కింద హ్యాంగర్ ఉంటుంది, విమానాన్ని లిఫ్టులో పెట్టి కిందికి దింపుతారు, రెక్కలు చాపుకుని ఉంటే లిఫ్టులో పట్టదు, అని చెప్పాను. అమ్మ "మడత కుర్చీ లాగన్నమాట" అంది. అచ్చంగా అంతే. ఆ కీలు ఫోటో నా దగ్గర ఉంది, ఎవరైనా అడిగితే పంపుతాను, దాని లావు చూడండి. ఎగిరేటప్పుడు 7 టన్నుల దాకా బరువుండే విమానం బరువంతా మోసేది రెక్కే, ఆ రెక్కని మధ్యలో కోసి కీలు పెట్టి, పిన్నులు తోసి లాక్ చేసి, దాన్ని నమ్ముకుని గంటకి 900 కిలోమీటర్ల పైన పోవాలి. ప్రతిసారీ ఎగిరే ముందు ఆ లాక్ పడిందా లేదా అని చూసిన మనిషి ఒకడుంటాడు. పైలట్ పేరు పుస్తకాల్లో ఉంటుంది, ఆ చూసినవాడి పేరు ఉండదు. అక్కడున్నంతసేపూ నా మనసు వాడి మీదే ఉంది.

షిప్పు డెక్కు గురించి కూడా అమ్మకి చెప్పాల్సొచ్చింది. దబోలిం రన్‌వే మూడు కిలోమీటర్ల పైచిలుకు, మొన్న దిగేటప్పుడు ఎంతసేపు పరిగెత్తింది గుర్తుందా, మరి విక్రాంత్ షిప్పు మొత్తం పొడవే 213 మీటర్లు. అందులో ఎగరడానికి కాటపల్ట్ ఉంటుంది. విమానం పొట్ట కింద ఉన్న కొక్కేలకి లావుపాటి వైరు తగిలించి డెక్కు మీద ముందుకి జారే కాడికి కడతారు, వెనక నుంచి ఇంకో ముక్క పట్టి ఉంచుతుంది, పైలట్ ఇంజిన్ ఫుల్లు చేస్తాడు, డెక్కు కింద ఆవిరి వదలగానే ఆ కాడి ముందుకి దూకుతుంది, వెనక పట్టి ఉంచిన ముక్క పట్టుక్కున తెగుతుంది, రెండు మూడు సెకన్లలో విమానం నీళ్ళ పైన ఉంటుంది. దిగేటప్పుడు తోక కింద ఈ కొక్కెం కిందికి వేలాడుతుంది, డెక్కుకి అడ్డంగా కట్టిన వైర్లలో ఏదో ఒకదాన్ని ఇది పట్టుకోవాలి. పట్టుకుంటే ఆగుతుంది. పట్టుకోకపోతే ఎలా అంటే, అందుకే దిగిన క్షణంలో పైలట్ ఇంజిన్ తగ్గించడు, పెంచుతాడు, కొక్కెం తప్పితే అలాగే ముందుకెళ్ళి మళ్ళీ ఎగరాలి కాబట్టి. కొత్తవాళ్ళకి అన్నిటికన్నా కష్టం ఇదేనేమో, నేల తగిలాక స్పీడు పెంచడం.

అమ్మ ఆ కొక్కేన్ని వంగి చూసింది. బావిలో బొక్కెన పడిపోతే తీసే గాలం ఉంటుంది చూడండి, అలాగే ఉందంది. ఇంతే, ఒక్క ఇనప కొక్కెం. మన విక్రాంత్ మీద ఇలా కొక్కెంతో మొదటిసారి జెట్‌ని దింపింది లెఫ్టినెంట్ ఆర్.హెచ్. తహిలియానీ, 1961 మే 18న, సీ హాక్‌తోనే. ఆయన తర్వాత అడ్మిరల్ అయి నేవీ చీఫ్ అయ్యారు.

సీ హాక్ మన దగ్గరికి వచ్చేసరికే అదేం కొత్తది కాదు. దాని నమూనా, అంటే ప్రోటోటైపు, మొదటిసారి ఎగిరింది 1947 సెప్టెంబర్ 2న, మనకి స్వాతంత్ర్యం వచ్చి మూడు వారాలు కూడా కాలేదప్పటికి. బ్రిటన్ నేవీలోకి 1953లో వచ్చింది, 1956లో ఈజిప్టులో సూయెజ్ కాలువ గొడవలో వాడారు, ఆ తర్వాత వాళ్ళు వేరే విమానాలకి మారుతుంటే మనం తీసుకున్నాం, కొన్ని కొత్తవి, కొన్ని వాడినవాటిని బాగు చేసినవి, తర్వాత పశ్చిమ జర్మనీ నేవీ వాడి వదిలినవి కూడా. విక్రాంత్ కథా అంతే, హెర్క్యులిస్ అనే పేరుతో యుద్ధకాలంలో మొదలుపెట్టి సగంలో ఆపేసిన షిప్పు, 1957లో మనం కొని బెల్‌ఫాస్ట్‌లో పూర్తి చేయించుకున్నాం, 1961 మార్చి 4న మన జెండా ఎక్కింది. ఒకళ్ళు వద్దనుకున్న షిప్పు, ఒకళ్ళు మార్చేసుకుంటున్న విమానం, ఈ రెంటినీ కలిపి మనవాళ్ళు ఇరవై ఏళ్ళ పైన నడిపారు. అప్పుడు మన దగ్గర డబ్బు ఎంతుందో అందరికీ తెలుసు.

"అమ్మా, నువ్వూ విక్రాంతూ ఒకే ఏడు పుట్టారు" అన్నాను. అమ్మది కూడా 1961. అప్పుడు మాట 1971లో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధం మీదకి పోయింది.

మాది వైజాగ్. అమ్మ వాళ్ళు అప్పట్లో వన్ టౌన్‌లో, కురుపాం మార్కెట్ దగ్గర ఉండేవాళ్ళు. అమ్మకి పదేళ్ళు. ఈ కథ నా చిన్నప్పట్నించీ కొన్ని వందల సార్లు విని ఉంటాను, మా పిల్ల కూడా విన్నది, కానీ ఆ విమానం పక్కన నిలబడి వినడం వేరేగా ఉంది. యుద్ధం మొదలైందని రేడియోలో చెప్పిన రాత్రి, కిటికీలకి నల్ల కాగితాలు అంటించి ఉన్నాయి, అందరూ పడుకున్నారు, అర్ధరాత్రి దాటాక సముద్రం వైపు నుంచి ఒక్కసారి పెద్ద చప్పుడు. కిటికీ అద్దాలు గిలగిల్లాడాయి, గూట్లో ఇత్తడి చెంబు దొర్లి కింద పడింది. పాకిస్తాన్ వాడు బాంబు వేసేశాడని అమ్మమ్మ పిల్లలందర్నీ మంచం కిందికి తోసేసింది. తెల్లారేదాకా అలాగే ఉన్నారంట. ఆ తర్వాత జాలర్లకి సముద్రంలో ఏవేవో తేలుతూ దొరికాయని ఊరంతా చెప్పుకున్నారు.

అది ఘాజీ. పాకిస్తాన్ సబ్‌మెరైన్, అమెరికా దగ్గర తీసుకున్నది, అమెరికా వాళ్ళ దగ్గర ఉన్నప్పటి పేరు డయాబ్లో. నవంబర్ 14న కరాచీలో బయల్దేరి శ్రీలంక చుట్టూ తిరిగి బంగాళాఖాతంలోకి వచ్చింది, విక్రాంత్‌ని ముంచడానికే వచ్చింది. అంత దూరం రాగలిగిన సబ్‌మెరైన్ వాళ్ళ దగ్గర అదొక్కటే. ఇక్కడ వైజాగ్‌లో తూర్పు నేవీ కమాండ్‌కి అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్. ఆయన విక్రాంత్‌ని ఎప్పుడో అండమాన్లకి పంపించేసి, రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్‌ని, అదొక చిన్న యుద్ధనౌక, విక్రాంత్‌లా నటించమని సముద్రంలోకి పంపించారు, వైర్‌లెస్‌లో విక్రాంత్ పంపినట్టు మెసేజీలు, ఊళ్ళో కాంట్రాక్టర్ల దగ్గర పెద్ద షిప్పుకి సరిపడా కూరగాయలు, మాంసం ఆర్డర్లు, ఊళ్ళోవాళ్ళంతా "పెద్ద షిప్పు వస్తోందంట" అని చెప్పుకోవాలని, అది వినాల్సినవాళ్ళు వినాలని. మా తాతయ్యది ఆ మార్కెట్లోనే చిన్న ఉల్లిపాయల కొట్టు, ఆయన కూడా ఇంటికొచ్చి అదే మాట చెప్పారని అమ్మ అంటుంది. పాపం ఆయన నిజంగానే నమ్మి చెప్పారు.

ఘాజీ ఎలా పేలిందనే దాని మీద వాదనలు ఇప్పటికీ ఉన్నాయి, రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్ల, అంటే నీళ్ళ లోపల పేలే బాంబుల వల్ల, అని మన నేవీ, ఘాజీవాళ్ళు సముద్రంలో పెడుతున్న మందుపాతర, మైన్, వాళ్ళకే తగిలిందనో లోపలే ఏదో పేలిందనో మిగతావాళ్ళు. అందులో ఉన్నవాళ్ళు ఒక్కరూ బతకలేదు. అది ఇప్పటికీ మా సముద్రం అడుగునే ఉంది. ఆర్.కె. బీచ్‌లో కూర్చుని మొక్కజొన్న పొత్తు తినేటప్పుడు ఎప్పుడైనా ఆ మాట గుర్తొస్తే కాసేపు తినబుద్ధి కాదు.

ఆ రాత్రి తెల్లారాక, డిసెంబర్ 4న, అటు బంగాళాఖాతంలో విక్రాంత్ మీద నుంచి ఎనిమిది సీ హాక్‌లు లేచి తూర్పు పాకిస్తాన్, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉన్న కాక్స్ బజార్ ఎయిర్‌ఫీల్డ్ మీద పడ్డాయి. అదే రోజు మళ్ళీ చిట్టగాంగ్. ఆ తర్వాత రోజుల్లో ఖుల్నా, మోంగ్లా, రేవులు, నదుల్లో తిరిగే షిప్పులు. తూర్పు పాకిస్తాన్‌లో ఉన్న సైన్యానికి సముద్రం దారి మూసుకుపోయింది, లోపలికి సాయం రాదు, బయటికి పోవడానికి లేదు. డిసెంబర్ 16న ఢాకాలో ఆ సైన్యం లొంగిపోతున్నట్టు సంతకాలు అయిపోయాయి. స్క్వాడ్రన్‌కి నాయకుడు లెఫ్టినెంట్ కమాండర్ ఎస్.కె. గుప్తా, షిప్పుకి కెప్టెన్ స్వరాజ్ ప్రకాశ్, ఇద్దరికీ మహావీర చక్ర వచ్చింది. కింద నుంచి కాల్పులు తగిలి బొక్కలు పడ్డ సీ హాక్‌లు ఉన్నాయి కానీ పోయింది మాత్రం ఒక్కటీ లేదు, అన్నీ తిరిగొచ్చి ఆ కొక్కేలతో ఆ వైర్లని పట్టుకున్నాయి.

ఇది చెప్పేటప్పుడు చాలామంది వదిలేసే ముక్క ఒకటుంది. అప్పటికి విక్రాంత్ బాయిలర్‌కి పగుళ్ళు. షిప్పుని పూర్తి శక్తితో నడపడానికి లేదు. యుద్ధం దాకా తీసుకెళ్ళాలా వద్దా అన్నంత వరకూ వచ్చింది. బాయిలర్ బలహీనంగా ఉంటే షిప్పు స్పీడు తగ్గుతుంది, అంతటితో అయిపోదు, విమానం లేవాలంటే ఎదురుగాలి కావాలి, ఆ గాలి సగం షిప్పు ముందుకు పరిగెత్తడం వల్లే వస్తుంది, డిసెంబర్‌లో బంగాళాఖాతంలో గాలి పడిపోయి ఉంటుంది, పైగా కాటపల్ట్‌ని తోసే ఆవిరి కూడా ఆ బాయిలర్లదే. అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. పగిలిన బాయిలర్‌ని కనిపెట్టుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో నేను ఉద్యోగంలో ఒకసారి చూశాను, మూడు రాత్రులు ఎవరికీ నిద్ర లేదు, అదీ నేల మీద, ఎవరూ మన మీద కాల్పులు జరపని చోట. విక్రాంత్ అడుగున ఆ వేడిలో గేజీల ముందు నిలబడ్డవాళ్ళు ఆకాశం చూసి ఉండరు. పైన సీ హాక్ లేచిందని వాళ్ళకి తెలిసేది కాటపల్ట్ కొట్టిన అదురు వల్లే అయ్యుంటుంది.

అమ్మ అంతా విని ఏమీ మాట్లాడలేదు. కాసేపయ్యాక విమానం ముక్కు దగ్గరికి నడుచుకుంటూ వెళ్ళి "ఆడు వచ్చింది వీటి కోసమా" అంది. అవునమ్మా, ఇవి ఎగరకుండా చెయ్యడానికే వచ్చాడు. "మేం మంచం కింద ఉన్నప్పుడు ఇవి ఎక్కడో దూరంగా సముద్రంలో ఉన్నాయన్నమాట." యాభై ఏళ్ళ పైన చెప్పిన కథలో చెంబు ఉంది, నల్ల కాగితాలు ఉన్నాయి, అమ్మమ్మ ఉంది, ఈ విమానం మాత్రం లేదు. అమ్మ దాన్ని కథలో ఎక్కడ పెట్టాలా అని ఆలోచిస్తున్నట్టు అనిపించింది. నేనూ అంతే, ప్రతి డిసెంబర్ 4కీ నేవీ డే అని బీచ్‌లో విన్యాసాలు చూస్తూ పెరిగినవాణ్ణి, ఘాజీ గురించి ఎవరైనా అడిగితే గంట సేపు చెప్పగలను, కానీ ఘాజీ వెతుక్కుంటూ వచ్చింది దేన్ని అంటే విక్రాంత్‌ని అని మాత్రమే అనేవాణ్ణి. షిప్పుకి పంజా ఇదే కదా. దీన్ని చేత్తో అందేంత దూరంలో చూశాకే ఆ సగం నాకు బుర్రకెక్కింది.

"మరి ఆ షిప్పు కూడా ఇక్కడే ఉందా" అంది అమ్మ. లేదు. 1997 జనవరి 31న నేవీ నుంచి రిటైర్ అయింది, కొన్నేళ్ళు ముంబైలో మ్యూజియంగా ఉంచారు, తర్వాత నిలబెట్టడం కుదరలేదు, 2014లో అమ్మేసి ముక్కలు చేశారు. ఆ ఇనుము కొంత కరిగించి బైకుల్లో కూడా వాడారు. అమ్మ "నాతో పుట్టింది, నేనింకా ఉన్నాను కదరా" అంది, ఎవరో తెలిసినవాళ్ళు పోయినట్టు. నాకు విక్రాంత్ విషయం తల్చుకుంటే ఇప్పటికీ గుండెలో కలుక్కుమంటుంది. మా వైజాగ్‌లో కుర్సురా సబ్‌మెరైన్‌ని ఒడ్డుకి లాగి బీచ్‌లో పెట్టి 2002 నుంచి ఇంతమందికి చూపిస్తున్నారు, దాని ఎదురుగా రోడ్డుకి అటువైపు టియు 142 విమానం పెట్టారు, చిన్నపిల్లలు వాటిల్లోకి దూరి తిరుగుతుంటే చూడాలి. ఆ డెక్కు కూడా ఎక్కడో ఒకచోట మిగిలి ఉంటే ఈ సీ హాక్‌ని దాని మీదే నిలబెట్టేవాళ్ళం.

సీ హాక్‌లు 1983 దాకా ఉన్నాయి. ఆ ఏడు చివర్లో సీ హారియర్లు వచ్చి వైట్ టైగర్స్‌లో చేరాయి, ఆ హారియర్ కూడా ఇదే మ్యూజియంలో ఉంది. రెండిటినీ ఒకే పూట చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. హారియర్ కూడా హాకర్ వాళ్ళ ఇంట్లో పుట్టిందే, సీ హాక్ డిజైన్‌కి పెద్దగా ఉన్న సిడ్నీ క్యామ్ పెద్దరికంలోనే దాని మొదటి రూపం తయారైంది, నిలబడ్డ చోటి నుంచి పైకి లేవడానికి దాని ఇంజిన్ గాలి నాలుగు మూతుల్లోంచి కిందికి తిరుగుతుంది. ఆ వెనక రెండు మూతుల్ని చూడండి, వేడి గాలిని రెండుగా చీల్చి రెండు పక్కలకీ పంపడం. నేను పొద్దున్నే పిల్లకి చూపించిన ప్యాంటు కాళ్ళు. తండ్రి ముక్కు కొడుక్కి వచ్చినట్టు వచ్చింది. ఇది పట్టుకున్నాక నాకు కలిగిన ఆనందం అక్కడ ఎవరికి చెప్పాలో తెలియక పిల్లని మళ్ళీ సీ హాక్ దగ్గరికి, అక్కడ్నించి హారియర్ దగ్గరికి, రెండు సార్లు తిప్పాను. పాపం తిరిగింది.

ఇంకొకటి, ఇది ఇంటికొచ్చాక తేదీలు చూస్తుంటే తగిలింది. కొత్త విక్రాంత్, మనం కొచ్చిలో కట్టుకున్నది, నేవీలో చేరింది 2022 సెప్టెంబర్ 2న. సీ హాక్ ప్రోటోటైపు మొదటిసారి గాల్లోకి లేచిన రోజుకి సరిగ్గా 75 ఏళ్ళు. ఎవరూ చూసి పెట్టిన ముహూర్తం కాదు, అలా కుదిరింది. నాకు మాత్రం బాగా నచ్చింది.

ఒక్క కోరిక ఉంది. సముద్రం పక్కన ఉప్పు గాలి, గోవా వానలు మీకు తెలియంది కాదు, అల్యూమినియంకి ఉప్పు అంటే చెదలు పట్టినట్టే, పైకి రంగు బాగానే ఉన్నా రివెట్ల చుట్టూ లోపల్నుంచి తెల్లటి పొడి మొదలవుతుంది. బయట నిలబెట్టిన విమానాన్ని బతికించాలంటే కడగడం, రంగు వేయడం ఎప్పటికీ ఆగని పని. ఆ పని చేసేవాళ్ళకి నా దణ్ణాలు. ఎప్పటికైనా ఈ సీ హాక్ నెత్తి మీద ఒక రేకుల కప్పు పడితే చూడాలని ఉంది, పక్కలు మూయక్కర్లేదు, వాన నేరుగా పడకుండా ఉంటే చాలు.

వెళ్ళేవాళ్ళు సోమవారం పెట్టుకోకండి, మూసి ఉంటుంది. పొద్దున్నే వెళ్ళండి, ఎండ ఎక్కితే బయట నిలబడలేరు, పెద్దవాళ్ళుంటే గొడుగు పట్టుకెళ్ళండి. ఫ్లైటుకి రెండు గంటలు ముందు ఎలాగూ వెళ్తారు కదా, ఇంకో రెండు గంటలు ముందు బయల్దేరితే దారిలోనే చూసేయొచ్చు. సీ హాక్‌ని ముందు నుంచి ఒక ఫోటో తీసుకుని వచ్చేయకండి. పక్కకెళ్ళి రెక్క మొదట్లో ఆ రంధ్రం చూడండి, రెక్క మధ్యలో కీలు చూడండి, తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని తోక కింద ఆ కొక్కెం చూడండి. మా అమ్మ వెళ్ళేటప్పుడు గేటు దాకా వచ్చి మళ్ళీ వెనక్కి వెళ్ళి ఆ కొక్కేన్ని ఇంకోసారి చూసొచ్చింది, మేం క్యాబులో కూర్చుని ఎదురు చూశాం.